మడుపు టపా: ఏడుకోనల సీమ తిరుగుబాటుదార్ల కబుర్ల పద్ధతి మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరి కోసం?

ఏడుకోనల సీమ అనే కల్పిత లోకాన్ని మేం తొమ్మిది మందిమి కలిసి రాస్తున్నాం. ముగ్గురు తిరుపతి వాళ్లు, మిగతావాళ్లు చిత్తూరు, పుంగనూరు, పీలేరు, కాళహస్తి వైపు వాళ్లు. కొత్తగా చేరినవాళ్లు ముందుగా అడిగేది రాణి గురించి కాదు, కోట గురించీ కాదు. "తిరగబడినోళ్లు ఒకరికొకరు కబురు ఎట్లా పంపుకుంటారన్నా?" అనే. పదోసారి అదే సమాధానం చెప్పాక, ఇక రాసి పెట్టేద్దాం అనిపించింది.

మడుపు టపా అంటే ఏంటి?

తాంబూలం మడుపు తెలుసు కదా, అదే. కబురు రాసిన చీటీని ఒక ఆకులో మడిచి, దాన్ని ఇంకో ఆకులో, మళ్లీ దాన్ని మూడో ఆకులో మడుస్తారు. ఒక్కో ఆకూ ఒక్కో గంపోడి పేరు మీద ఉంటుంది. గంపోళ్లంటే పూలో, వంకాయలో, చింతపండో నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగేవాళ్లు. మొదటి గంపోడు తన ఆకు విప్పితే లోపల రెండో గంపోడి పేరు తప్ప ఇంకేం కనబడదు. రెండోవాడు విప్పితే మూడోవాడి పేరు. మూడోవాడు విప్పితే చేరాల్సిన ఇల్లు. మొదటివాడికి ఎవరు పంపారో తెలుసు, ఎవరికో తెలీదు. చివరివాడికి ఎవరికో తెలుసు, ఎవరు పంపారో తెలీదు. నడిమివాడికి రెండూ తెలీవు.

ఇది మేం గాల్లోంచి పుట్టించింది కాదు. ఉత్తరాన్ని పొరలు పొరలుగా కట్టి, ఒక్కో మజిలీలో ఒక్కో పొర విప్పే ఆలోచనని డేవిడ్ చౌమ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1981లోనే కంప్యూటర్ ఉత్తరాల కోసం రాసి పెట్టాడు. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్ సివర్సన్, మైకేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ ఉల్లిపాయ పొరల పేరుతో ఇంకో పద్ధతి కట్టారు. ఇంటర్నెట్‌లో ఎవరు ఎక్కడికి పోతున్నారో దాచే టోర్ దాని కొనసాగింపే. మామూలుగా అందులో కూడా మూడు మజిలీలే. వాళ్లకి ఉల్లిపాయ తట్టింది, మనకి తమలపాకు.

చీటీని ఎవరూ చదవలేని లిపిలో రాసేస్తే సరిపోదా?

సరిపోదు. వాత్స్యాయనుడు 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పాన్ని, అంటే సంకేతాల్లో రాసే విద్యని కూడా చేర్చాడు కాబట్టి మనవాళ్లకి రహస్య లిపులు కొత్త కాదు. అక్షరానికో అంకె ఇచ్చే కటపయాది పద్ధతి తెలిసినవాళ్లు మాటలో అంకె దాచేస్తారు. మేచకల్యాణిలో మొదటి రెండక్షరాలు చూడండి: మ అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. ఆ రాగం మేళకర్త సంఖ్య అదే. ఇవన్నీ చీటీ లోపల ఏముందో దాచే విద్యలు.

కోటలో ఏలేవాళ్లకి చీటీ లోపల ఏముందో అక్కర్లేదు. "కమ్మరి ఇంటి నుంచి మందుగుండు నూరేవాడి ఇంటికి ఒక్క వారంలో నాలుగు చీటీలు పోయాయి" అన్న ముక్క చాలు, ఇద్దరినీ తెల్లారేసరికి ఎత్తుకుపోవడానికి. కొత్త రచయితలు సగం మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రాత్రంతా కూర్చుని అద్భుతమైన సంకేత లిపి కనిపెడతారు. పొద్దున్నే దాన్ని ఊరంతా ఎరిగిన రౌతు చేతికిచ్చి రాచబాటన పంపిస్తారు.

నా కథానాయకుడికి ఎవరూ పట్టుకోలేని యంత్రం ఒకటి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. ఆ యంత్రమే అతన్ని పట్టిస్తుంది.

తిరుపతిలో ఉన్నోళ్లకి ఇది చెప్పాల్సిన పని లేదు. ఇంకే ఊళ్లోనైనా నున్నటి గుండుతో, దాని మీద గంధంతో బస్టాండులో నిలబడితే నలుగురు తిరిగి చూస్తారు. మన బస్టాండులో జేబు కొట్టేసినవాడి పోలికలు పోలీసుకి చెప్పి చూడండి: "గుండు సార్, గంధం పూసుకున్నాడు." ఏ గుండు? అప్పుడే కొండ దిగిన బస్సులోంచి యాభై గుండ్లు దిగుతుంటాయి. దాక్కోవడమంటే కనబడకపోవడం కాదు, నీలాంటోళ్లు చుట్టూ చాలామంది ఉండడం. ఒంటరిగా ఎవడూ అనామకుడు కాలేడు.

గుండంటే గుర్తొచ్చింది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ ఒకటుంది. పర్షియా రాజు మీద తిరగబడమని కబురు పంపడానికి హిస్టియేయస్ అనేవాడు నమ్మకమైన బానిసకి గుండు గీయించి, తల మీద కబురు పచ్చబొట్టు పొడిపించి, జుట్టు పెరిగాక పంపించాడట. అక్కడికి చేరాక మళ్లీ గుండు. ఇది మన కల్యాణకట్ట దగ్గరైతే ఎవరికీ అనుమానమే రాదు. చిక్కల్లా జుట్టు నెలకి ఒక సెంటీమీటరుకి అటూ ఇటుగా పెరుగుతుంది. కబురు అందేసరికి తిరుగుబాటు చల్లారిపోతుంది.

ఒంటరి యంత్రం ఎట్లా పట్టిస్తుందో నిజంగా జరిగిన ముచ్చట చెప్తా. 2013 డిసెంబరులో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి బాంబుందని దొంగ మెయిల్ పంపాడు. టోర్ వాడాడు. టోర్ దాని పని అది చేసింది. కాకపోతే ఆ సమయంలో విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ మీద నుంచి టోర్‌కి పోయినవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందిని పిలిచి అడిగారు, ఒప్పేసుకున్నాడు.

నౌకాదళం కట్టిన పద్ధతిని అందరికీ ఇచ్చేయడం వెనక లెక్క కూడా ఇదే. నౌకాదళం ఒక్కటే వాడితే, అందులోంచి వచ్చే ప్రతివాడూ నౌకాదళం వాడేనని ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మన సీమలో మడుపులు తిరుగుబాటుదార్ల సొత్తు కాదు. ప్రేమించుకున్నోళ్లు, పందెం రాయుళ్లు, వడ్డీవాడికి తెలియకుండా పొలం బేరం పెట్టినోళ్లు, అత్తింటి నుంచి అమ్మకి కష్టం చెప్పుకునే కోడళ్లు, అందరూ వాడతారు. మీ కథలో తిరుగుబాటు ఎంత బలంగా ఉండాలంటే అంత ఎక్కువగా ప్రేమలేఖలు తిరగాలి. నవ్వులాటకి కాదు, ఇది మన లోకంలో ఒక నియమం.

సీమలో అందరూ వేషాలు కట్టే వేషాల వారం మన గంగమ్మ జాతర నుంచి తీసుకున్నదేనా?

ఔను, దాచేదేముంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఊరు ఊరంతా వేషం కడుతుంది, మగవాళ్లు చీరలు కడతారు, ఎవరు ఎవరిని తిట్టినా తప్పు లేదు. కథ కూడా మనకి సరిగ్గా సరిపోయింది: ఆడవాళ్లని చెరపట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే, వాణ్ని బయటికి రప్పించడానికి అమ్మే రోజుకో వేషం కట్టింది. దొర వేషం చూసి, దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, చచ్చాడు. అంటే వేషం దాక్కోవడానికే కాదు, దాక్కున్నోణ్ని లాగడానికి కూడా పనికొస్తుంది. వేషాల వారంలో కోట గూఢచారులు ఏం చేస్తారో రాసేటప్పుడు ఈ రెండో వైపు మర్చిపోవద్దు.

ఆకు మడిచినంత మాత్రాన గంపోడు విప్పి చూడకుండా ఉంటాడా?

ఇక్కడ ఒక చెట్టు కల్పించాం. ప్రతి గంపోడికీ సొంతంగా ఒక జిగురు చెట్టు ఉంటుంది. దాని జిగురు సంతలో బహిరంగంగా అమ్ముతారు, కోటవాళ్లు కూడా కొనుక్కోవచ్చు. ఆ జిగురు పెట్టి ఎవరైనా ఆకు అంటించొచ్చు. విప్పాలంటే మాత్రం అదే చెట్టు వేరు నుంచి తీసిన విరుగుడు కావాలి, అది గంపోడి దగ్గరే ఉంటుంది. బలవంతంగా చించితే లోపలి ఆకులు నల్లబడి రాతంతా పోతుంది. జిగురు అందరిదీ, విరుగుడు ఒక్కడిదీ.

1976లో డిఫీ, హెల్‌మన్ లోకానికి చెప్పిన బహిరంగ తాళంచెవి ఆలోచనకి ఇది చెట్టు రూపం. అంతకుముందు ఇద్దరు రహస్యంగా రాసుకోవాలంటే ముందు ఎక్కడో కలిసి తాళంచెవి పంచుకోవాల్సిందే. కలవలేకనే కదా చీటీ రాస్తున్నది!

గంపోడు మడుపు రాగానే ఎందుకు పంపడు? కథ నత్తనడక నడుస్తోంది.

నడవాలి. పన్నెండు మడుపులు పోగయ్యేదాకా గంపోడు కదలడు. పోగయ్యాక అన్నింటి పై ఆకులూ విప్పి, గంపలో కలియబెట్టి, ఒక్కసారే బయటికి పంపుతాడు. లేకుంటే సంతలో చెట్టు కింద కూర్చున్న వేగులవాడు "ఇప్పుడొకటి లోపలికి పోయింది, ఇప్పుడొకటి బయటికొచ్చింది" అని లెక్క కట్టేస్తాడు. చౌమ్ పద్ధతిలో కూడా కలియబెట్టడమే ప్రాణం. టోర్ ఆ ఆలస్యాన్ని వదిలేసింది, జనం వెబ్ పేజీ కోసం సాయంత్రం దాకా ఆగరు కాబట్టి. ఆ వేగానికి అది కట్టే సుంకం ఏంటంటే, దారి రెండు చివర్లా కాపు కాయగలిగినవాడు సమయాలు పోల్చి జత కుదిర్చేయగలడు.

మీరు దీన్ని ఎప్పుడైనా ఆడి చూశారా?

చూశాం. పోయిన సంక్రాంతి సెలవల్లో బైరాగిపట్టెడలో మా ఇంటి మిద్దె మీద. నలభై తమలపాకులు, పెళ్లిలో మిగిలిపోయిన మూడు ప్లాస్టిక్ గంపలు, జిగురు బదులు మైదా ఉడికించిన బంక. కాళహస్తి అక్క కోట తరఫు. నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని నోటుబుక్కు పట్టుకుంది. మిగిలిన వాళ్లం కబుర్లు పంపుకోవాలి, ఎవరు ఎవరికి పంపారో ఆమె కనిపెట్టాలి.

గంటలో ముగ్గురిని పట్టేసింది. ఒకాయన నిజంగానే ఆకు వేసుకుంటూ కూర్చున్నాడు, ఆయన మడుపు అంచు మీద సున్నం వేలిముద్ర పడింది. ఇంకొకామె చిన్నగా రాయలేక రెండు కాగితాలు రాసింది, ఆమె మడుపు సమోసాలాగా ఉబ్బి గంపలో దూరం నుంచే తెలిసిపోయింది. మూడోది ఎవరూ ఊహించలేదు. చివరి ఆకు విప్పి చదివితే "రేత్రికి ఆరుగురు వొస్తాండారు, తలుపు తీసి పెట్టుకోండి" అనుంది. అక్క తలెత్తకుండానే "పుంగనూరు తమ్ముడు" అంది. వాడు ఎర్రబడి, "నేనేం జేసేదక్కా, నాకట్లే వొస్తాది" అన్నాడు.

అప్పటి నుంచి మూడు నియమాలు పుట్టాయి. ఆకు పట్టుకునే ముందు చేతులు బూడిదతో తోమాలి. మడుపులన్నీ ఒకే కొలత: ఒక పొర విప్పిన గంపోడు ఆ మేరకు ఉత్త ఆకు ఒకటి చేర్చాలి, లేకుంటే బక్కచిక్కిన మడుపుని చూసి ఎన్నో మజిలీలో ఉందో చెప్పేయొచ్చు. మూడోది, చీటీలో సొంత యాస రాయకూడదు, ఒప్పుకున్న నలభై మాటల జాబితా నుంచే రాయాలి. ఈ మూడోది మా రచయితలకి నచ్చలేదు. యాస పోతే పాత్ర పోతుందని గొడవ. నేనైతే ఆ గొడవే కథ అంటాను: తన మాట వదులుకుంటే తప్ప బతకలేని మనిషి.

అయితే కోట దీన్ని ఎట్లా ఛేదించాలి? నేను కోట వైపు నుంచి రాస్తున్నా.

మంచిది, కోట వైపు రాసేవాళ్లు మాకు తక్కువ. మీ వేగులవాడికి చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి. కొండకిందపల్లెలో ఎవరికో మడుపు అందిన ప్రతి వారం, సంతలో మడుపు వేసినవాళ్ల పేర్లు రాసుకోమనండి. మొదటి వారం పన్నెండు మంది. రెండో వారం ఇంకో పన్నెండు మంది, అందులో పాతవాళ్లు అయిదుగురు. మూడో వారానికి మూడు జాబితాల్లోనూ ఉన్నది ఇద్దరే. జిగురు విప్పలేదు, చీటీ చదవలేదు, మనిషి దొరికేశాడు. దీనికి తిరుగుబాటుదార్ల దగ్గరున్న విరుగుడు ఒక్కటే: కబురున్నా లేకున్నా ప్రతివాడూ ప్రతి సంతకీ ఒక మడుపు వేయాలి. లోపల ఏమీ లేనివి ఉత్త మడుపులు. అప్పుడు జాబితా ఎప్పుడూ ఒకటే. ఖర్చు మాత్రం దండిగా అవుతుంది, ఆ ఊళ్లో తమలపాకుల ధర ఎందుకు పెరిగిందని కోట లెక్కలాయన ఆరా తీసే కథ ఒకటి ఇప్పటికే ఉంది, చదవండి.

ఇంకో దారి, గోటి గాటు. గంపోడిని కొనేసి, అనుమానమున్న మడుపు మీద గోటితో చిన్న గాటు పెట్టించి, అవతలి చివర గాటున్న ఆకు కోసం కాపు కాయడం. గాటు పై ఆకు మీదే ఉంటే తర్వాతి గంపోడు విప్పి పారేస్తాడు. లోపలిదాకా దిగితే చిక్కే.

గంపోళ్లలో కోట మనిషే ఉంటే?

ఉంటాడు, ఉన్నాడనుకునే రాయండి. ముగ్గురిలో ఒక్కడు నిజాయితీపరుడైనా, వాడి గంపలో కలియబెట్టడం సరిగ్గా జరిగితే చాలు, ముందు వెనకల లంకె తెగిపోతుంది. ముగ్గురూ కోటవాళ్లే అయితే చేసేదేం లేదు. అందుకే కోట ఒక్కో గంపోడిని కొనదు, తనే ఇరవై మంది కొత్త గంపోళ్లని సంతలోకి దింపుతుంది. కొత్త గంపోడిని ఎవరు పూచీ పడి చేర్చారన్నది ప్రతి కథలోనూ ఉండాలి. గూఢచారులు ఒకరినొకరు ఎరగకూడదని కౌటిల్యుడు రాజుకి చెప్పిన సలహాని మనం రాజు మీదకే తిప్పాం.

పావురాలు?

వద్దు. పావురం తిన్నగా ఇంటికే పోతుంది, దాని వెనక కోట కూడా.

రేడియో లాంటిది పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, దాని గుణం తెలుసుకుని. గాల్లో చెప్పే మాటకి వినేవాడు ఎవరో ఎవరికీ తెలీదు, చెప్పేవాడి చోటు మాత్రం వెతికి పట్టుకోవచ్చు. 1942 క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో 22 ఏళ్ల ఉషా మెహతా, తోటివాళ్లు 42.34 మీటర్ల మీద కాంగ్రెస్ రేడియో నడిపారు. ఇల్లు మార్చి ఇల్లు మార్చి మూడు నెలల దాకా నెట్టుకొచ్చి, నవంబరు 12న దొరికిపోయారు. మన సీమలో దీనికి సాటి దేవళం గంట. మడుపు చివరి గంపోడు ఇల్లు వెతుక్కుంటూ పోకుండా కబురుని గంట కొట్టేవాడికి ఇస్తాడు, లోయంతా వింటుంది, అర్థం కావాల్సినవాడికే అర్థమవుతుంది.

అల్లూరి మిరపకాయ టపా మనకి పనికొస్తుందా?

కథకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, మడుపు టపాకి పనికిరాదు. 1922లో అల్లూరి ఫలానా ఠాణా మీదకి వస్తున్నామని ముందే కబురు పెట్టేవాడు. అక్కడ పేరు దాచడం కాదు, పేరు చాటడమే ఆయుధం. మన పాత్రల్లో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇక దాక్కోను, నా పేరుతోనే పంపుతాను అనాలి. అప్పటికి దాచిపెట్టుకోండి.

పంపినవాడు ఎవరో తెలియకుండా తిరుగు జాబు ఎట్లా రాయాలి?

పంపేవాడే తిరుగు మడుపు కూడా జత చేస్తాడు: తన ఇంటిదాకా దారి పొరలుగా అంటించి, నడుమ ఖాళీ ఉంచి. జాబు రాసేవాడు చీటీ లోపల దూర్చి, పై ఆకు మీద పేరున్న గంపోడికి ఇచ్చేస్తాడు. ఒక్కసారికే. అదే తిరుగు మడుపు నకలు తీసి కోట పదిసార్లు పంపితే, పదిసార్లూ ఏ గుమ్మం ముందు ఆగుతుందో చూసుకుంటే చాలు.

అబద్ధాలు పంపేవాళ్లు ఉండరా?

ఉంటారు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూశా. ఎవరు పంపారో తెలియని కబురుని నమ్మేదెట్లా? మన రెండో ఏడాది కథల్లో, ఫలానా ఆవిడ కోటకి అమ్ముడుపోయిందని ఒక అబద్ధపు చీటీ ఆమె కొడుకుని బలి తీసుకుంది. రాసింది కోట కాదు, పక్కింటివాళ్లు, గట్టు తగాదా. ఆ కథ రాసింది మదనపల్లెలో ఉన్న మా పెద్దాయన, ఆయన దాన్ని మార్చడానికి ఒప్పుకోలేదు, మంచిదే అయింది.

1857 మొదట్లో ఉత్తరాదిన చపాతీలు ఊరి నుంచి ఊరికి కాపలావాళ్ల చేతుల మీదుగా పాకిపోయాయి. మొదలుపెట్టింది ఎవరో దొరలు పట్టుకోలేకపోయారు. అది ఏం చెప్పడానికో కూడా తేలలేదు. పంపినవాణ్ని అంత గట్టిగా దాస్తే కబురు కూడా దాగిపోతుంది. మన సీమలో ప్రస్తుతానికి కౌటిల్యుడి లెక్కే నడుస్తోంది: ముగ్గురు వేర్వేరుగా ఒకే మాట చెప్తేనే నమ్మాలి. ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులేనని మడుపుల్లో ఎట్లా తెలుస్తుంది? దీనికి జవాబు మా దగ్గర లేదు. మీకు తడితే రాసి పంపండి.

మంత్రంతో దూరదృష్టి పెట్టొచ్చా?

పెట్టకూడదు. పెడితే పైనంతా చెత్తబుట్టకి.

నేను రాసింది ఇంకొకరి కథతో పొసగకపోతే?

ముందు వచ్చింది నిలుస్తుంది. మడుపు ఒక కథలో మూడు రోజులకి చేరితే, మీ కథలో మూడు గంటలకి చేరదు. చెట్ల పేర్లు, సంతల వారాలు ఒక పట్టికలో ఉన్నాయి, రాసేముందు చూసుకోండి. కిందటిసారి రెండు కథల్లో ఒకే గంపోడు ఒకే శనివారం చనిపోయాడు.

మొదటి కథకి ఏం తీసుకోమంటారు?

ఎవరూ ముట్టుకోనిది ఒకటుంది. ముసురు పట్టిన సంత రోజు. మామూలుగా యాభై మంది వచ్చే చోట నలుగురే వచ్చారు. గంపమ్మాయి దగ్గర అయిదు మడుపులున్నాయి, పన్నెండు కాకుండా కదలకూడదు. అందులో ఒకటి ఈ సాయంత్రమే చేరకపోతే ఎవరో చనిపోతారని ఆమెకి తెలుసు, ఏదో మాత్రం తెలీదు. వేగులవాడు చింతచెట్టు కింద తడుస్తూ కూర్చున్నాడు. ఆమె గంప కింద ఆకుల కట్టలో ఇంకా ఏడు ఆకులున్నాయి, చేతులకి బూడిద మాత్రం లేదు.